పెదాలు కదిపితే చాలనుకున్నాను

ఒక జపాన్ సినిమా తార పరువును, నా ఉద్యోగాన్ని, మా పాప సీటును ఒకే మీట నొక్కి ముంచేయడం మీలో ఎవరికైనా చేతనైతే చెప్పండి, వచ్చి దండం పెడతాను. నేను ఆ పని సిడ్నీలో, పట్టపగలు, ఎనభై మంది చూస్తుండగా చేశాను. పాప ఇప్పుడే పడుకుంది గనక వివరంగా చెబుతాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయని లోకమంతా వణుకుతున్న రోజులివి. ఆ వణుకు పుణ్యమా అని మా ఆయనకు సిడ్నీలో కాంట్రాక్టు దొరికింది. జనవరి దాటాక అది ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. అంతలో నాకూ టెస్టర్ ఉద్యోగం వచ్చింది. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. సోమవారం చేరాలి. చేరాలంటే రెండేళ్ళ హాసినిని ఎక్కడో ఒకచోట వదలాలి. మా వీధి చివరి చైల్డ్‌కేర్‌లో ఖాళీ ఒకే ఒక్క సీటు. దానికి మేమూ, ఇంకో కుటుంబమూ పోటీ. తేల్చేది తల్లిదండ్రుల కమిటీ. ఆ కమిటీకి అధ్యక్షురాలు మిచికో గారు.

పక్క ఫ్లాట్ నస్రీన్‌ది హైదరాబాద్. వాళ్ళ బాబు అప్పటికే అక్కడికి వెళ్తున్నాడు.

"మిచికో అంటే మామూలు మనిషి అనుకుంటున్నవా? జపాన్ల పెద్ద హీరోయినంట. పాటలు గూడ పాడేదంట," అంది.

"హీరోయిన్ పాడ్డమేంటి నస్రీన్? పెదాలు కదిపి ఉంటుంది. వెనకాల ఎవరో పాడుంటారు."

"నాకేం ఎరుక. శనివారం ఓపెన్ డే ఉంది, స్టేజీ మీద పాడ్తదంట. నువ్వు ఏదన్న పని మీదేస్కో. సీటుకి అక్కరకొస్తది."

నేను మీదేసుకున్నది టేప్ రికార్డర్.

శుక్రవారం మధ్యాహ్నం మిచికో గారు ఒక క్యాసెట్ ఇచ్చి, "రెండో పాట. జాగ్రత్త, నా దగ్గర ఇదొక్కటే ఉంది," అన్నారు. ఇంటికి తెచ్చి, అన్నం కలుపుకొచ్చేసరికి, హాసిని ఫ్రిజ్ మీది కంగారూ అయస్కాంతం పీకి దాన్ని క్యాసెట్‌కు రుద్దుతోంది. క్యాసెట్ లాక్కున్నాను. సాయంత్రం మా ఆయన రాగానే టేపు వేసి విన్నాం. వయొలిన్లున్నాయి, పియానో ఉంది, డ్రమ్ములున్నాయి. గొంతు లేదు.

"గొంతు ఎరేజ్ అయిపోయిందే," అన్నారు మా ఆయన, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టర్‌లా.

"ఇదొక్కటే ఉందన్నారండీ. సీటు పోయినట్టే. ఉద్యోగం పోయినట్టే."

"నా కాంట్రాక్టు కూడా పోతే, జనవరిలో ముగ్గురం కలిసి విమానం ఎక్కుదాంలే."

వయొలిన్లను వదిలేసి గొంతును మాత్రమే తినే అయస్కాంతం ఎక్కడైనా ఉంటుందా అని బి.టెక్ చదివిన నేనూ అడగలేదు, ఎం.టెక్ చదివిన ఆయనా అడగలేదు.

కారేసుకుని జపాన్ సరుకులమ్మే కొట్టుకు పరుగెత్తాం. అక్కడ పాత క్యాసెట్లు కూడా ఉంటాయి. అట్ట మీద ఇరవయ్యేళ్ళ మిచికో గారు గొడుగు పట్టుకుని నవ్వుతున్న క్యాసెట్ ఒకటి దొరికింది. అక్కడే వేయించుకుని విన్నాం. అదే బాణీ, అవే వయొలిన్లు, పైన తేనెలాంటి సన్నని గొంతు. ప్రాణం లేచొచ్చింది. ఆవిడకు చెప్పాలంటారా? చెబితే కంగారూ సంగతి కూడా చెప్పాలి కదా. నోరు మూసుకున్నాను.

శనివారం. ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మూల సాసేజులు కాలుతున్న పొగ. పోటీ కుటుంబం తల్లి రెండు పళ్ళేల కేకులు చేసి తెచ్చి ముందు వరసలో కూర్చుంది. మిచికో గారు మైకు పట్టుకుని నాకు తలూపారు. మీట నొక్కాను. వయొలిన్లు అయ్యాయి. ఆవిడ నోరు తెరిచారు.

రెండు గొంతులొచ్చాయి. స్పీకర్లోంచి వచ్చింది చిలక పలుకు. మైకులోంచి వచ్చింది బావిలో బిందె మునిగినంత లోతైన గొంతు.

కంగారులో ఈవిడ నిజంగానే పాడేస్తోంది పాపం, అనుకున్నాను. కాపాడాలి కదా. వాల్యూమ్ పెంచాను.

నస్రీన్ నా మోచెయ్యి గిల్లింది. "పద్మా, బంద్ చెయ్."

"ఆగు, ఆవిడకి సైగ చేస్తా."

చేశాను. అందరి మధ్యా లేచి నిలబడి, నా పెదాలు చూపించి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి మూసి, 'ఇలా చాలు, మిగతాది నేను చూసుకుంటా' అని చేతులూపాను.

మిచికో గారు ఆగిపోయారు. టేపు మాత్రం పాడుతూనే ఉంది. వెనక ఎవరో నవ్వారు. ఆవిడ స్టేజీ దిగి, నా దాకా నడిచొచ్చి, మీట తనే నొక్కి ఆపారు.

"ఈ టేపు ఎక్కడిది?"

నా ఇంగ్లీషు నన్నొదిలేసి గేటు దాటింది. మిగిలిన ముక్కలతోనే అంతా కక్కేశాను. పాప, అయస్కాంతం, కొట్టు. చివరికి, "మా సినిమాల్లో హీరోయిన్లు పాడరండీ. వేరే ఆవిడ పాడితే పెదాలు కదుపుతారు. మీకూ ఎవరో పాడి ఉంటారనుకున్నాను," అన్నాను.

ఆవిడ చేతిలోని మైకు ఆన్‌లోనే ఉందని అప్పుడు చూశాను. నా మాట ఆవరణంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ముందు వరసలో కేకుల తల్లి కాస్త నిటారుగా కూర్చుంది.

మిచికో గారు మైకు కిందికి దించారు. "నేనిచ్చిన టేపులో గొంతు చెరిగిపోలేదు. అసలు లేదు. నేను పాడుకోవడానికని సంగీతం మాత్రం చేయించుకున్నాను," అన్నారు. తర్వాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.

"ఈమె అన్నది నిజం. ఇప్పుడు మీరు విన్న క్యాసెట్లో పాడింది నేను కాదు. నా మొహానికి నా గొంతు బరువెక్కువని కంపెనీవాళ్ళు వేరే అమ్మాయితో పాడించారు. మూడు సినిమాల్లో పెదాలు కదిపాను. నాలుగో సినిమాకి నేనే పాడతానన్నాను. నాలుగో సినిమా రాలేదు. తర్వాత చిన్న చిన్న హోటళ్ళలో వేరే పాటలు పాడుకున్నాను. ఈ పాటని నా గొంతుతో జనం ముందు పాడడం ఇదే మొదలు. కాస్త వినండి."

టేపు లేకుండా పాడారు. సాసేజులు మాడిపోయాయి గాని ఒక్కరూ కదల్లేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పాట అర్థమై కాదు, సీటు గుర్తొచ్చి.

సాయంత్రం కమిటీ నన్ను పిలిచింది. క్షమాపణ ఇంటి దగ్గరే కంఠతా పట్టి వెళ్ళాను. మొదలుపెట్టేలోపే మిచికో గారు, "మీ ఉద్యోగం ఏమిటన్నారు?" అని అడిగారు.

"సోమవారం చేరగలిగితే, టెస్టరండీ. తప్పులు పట్టడం."

ఆవిడ మిగతావాళ్ళ వైపు తిరిగారు. "జపాన్ మొత్తం ఇరవయ్యేళ్ళుగా పట్టుకోలేనిది ఈమె ఏమీ తెలియకుండానే పట్టుకుంది. ఇలాంటి మనిషిని ఇంట్లో కూర్చోబెడితే కంప్యూటర్ల గతేమిటి?" అన్నారు. నవ్వలేదు. ఫారంలో హాసిని పేరు రాసి, కేకుల తల్లికి ఫిబ్రవరిలో ఖాళీ అయ్యే సీటు రాశారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఈ భూమ్మీద ఎవరు స్టేజీ ఎక్కినా, ఎంత అపశ్రుతిలో పాడినా, ఆ గొంతు వాళ్ళదేనని గట్టిగా నమ్మి, రెండు చేతులూ ఒళ్ళో కట్టేసుకుని, నా పెదాలు కూడా కదపకుండా కూర్చుంటాను.