దొరికినవాళ్లు నవ్వాలి

జమేదార్ కాక చనిపోయారన్న కబురు నాకు ఎవరూ మోసుకురాలేదు. ముందు మా కుక్కకు తెలిసింది, ఆ తర్వాత నాకు. వాళ్లింటికి వెళ్లి చిన్నమ్మకు చెప్పాల్సిన పని నా మీదే పడింది. నిజామాబాద్‌లో మా వాడకు నాలుగు గల్లీల అవతల, ఇంకా తెరవని బట్టల దుకాణం మెట్ల మీద, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు. ఆయన అక్కడ కూర్చున్నది మా కుక్క మోతి వాసన పట్టుకుంటూ వచ్చి తనను వెతికి పట్టుకోవాలని.

హెడ్ కానిస్టేబుల్‌ను మా దిక్కు జమేదార్ అంటారు. పోలీసు కుక్కలకు వాసన పట్టడం నేర్పుతూనే ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక మా వరసలో మూడో ఇంట్లో ఉండేవారు. నాకు చుట్టమేమీ కాదు. కాక అని నేనే వరస కలుపుకున్నాను, ఆయన భార్యను చిన్నమ్మ అన్నాను. నేను జాకెట్లు కుట్టి బతికే మనిషిని. ఆయన గురించి నాలుగు మాటలు రాయడానికి నాకంటే చదువుకున్నవాళ్లు ఉంటారు గాని, ఆయన చివరి విద్యార్థులం నేనూ, ఒక గల్లీ కుక్కా. కుక్క రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అమ్మను నేను అవ్వ అంటాను. అవ్వ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. మూడేళ్ల కింద మతిమరుపు మొదలైంది. మొదట ఆకు ఎక్కడ పెట్టిందో మరిచేది, తర్వాత పొయ్యి మీది చాయ, ఆ తర్వాత ఇల్లు. నేను తల వంచుకుని మిషన్ తొక్కుతుంటే చప్పుడు లేకుండా గడప దాటిపోయేది. ఒకసారి పొద్దున పోయిన మనిషి సాయంత్రం రైలు గేటు దగ్గర దొరికింది. చెప్పులు లేవు, అరికాళ్లు బొబ్బలెక్కాయి. నాది మొదటి నుంచీ నోటి దురుసు. నలుగురిలో నిలబెట్టి తిట్టాను. అవ్వ తల వంచుకుని విన్నది. నేను తిడుతున్నది ఎవరినో అనుకుని మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి కూడా చూసింది.

ఆ నలుగురిలో కాక కూడా ఉన్నారు. మర్నాడు పొద్దున్నే ఒక పొడుగు తాడు, కుక్క ఛాతీకి కట్టే పట్టీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మీ అరుగు మీద పండుకుంటదే, గా కుక్కకు నేర్పుదాం. మీ అవ్వ ఎటు పోయినా తోలుకొస్తది" అన్నారు.

"అది గల్లీ కుక్క కాకా. దానికేమొస్తది?"

"ముక్కుకు జాతి ఉండది బిడ్డా. ఓపిక ఉంటె సాలు. నాకుంది, దానికుంది. ఇగ నీకున్నదో లేదో సూడాలె."

నాకు లేదు. అది ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. రోజూ పొద్దున, రోడ్లు ఊడ్చేవాళ్లు రాకముందే, తన తువ్వాల నా చేతికిచ్చి ఆయన ముందు వెళ్లి ఎక్కడో కూర్చునేవారు. కాసేపయ్యాక నేను ఆ తువ్వాలను మోతికి వాసన చూపించి తాడు పట్టుకుని వెంట నడవాలి. మొదట ఒక మలుపు, తర్వాత రెండు, తర్వాత చౌరస్తా దాటి, కూరగాయల మార్కెట్ దాటి. ఊళ్లో మనిషి వాసన నేల మీద గీత గీసినట్టు ఉండదట. బండ్లు పోతే చెదురుతుంది, తారు కాలితే లేచిపోతుంది, మోరీల అంచున, గోడల మూలన, నీడ ఉన్నచోట ఆగుతుంది. అందుకని మోతి ఒక్కోసారి ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. నాకు విసుగొచ్చి తాడు గుంజేదాన్ని.

"గుంజకు. నువ్వు గుంజితే అది నీకు తెలిసిన తొవ్వల వస్తది. మనకు గావాల్సింది దానికి తెలిసిన తొవ్వ" అనేవారు కాక, దొరికాక ఆ సంగతి చెబితే. పసుపు మార్కెట్ వెనకకు పోయిన రోజు మోతి ముక్కులోకి పసుపు దుమ్ము పోయి ఒకటే తుమ్ములు. నేను ఇంటికి పోదామన్నాను. తుమ్ములు విని ఆయనే దాక్కున్నచోటి నుంచి వచ్చి, గోడ పక్కన చతికిలబడి, దానికి నీళ్లు తాగించి, "దాని ముక్కు కడుక్కోనియ్యి. మనకేం బస్సు పోతదా?" అన్నారు. అర్ధగంట కూర్చున్నాం. తుమ్ములు ఆగాయి. మళ్లీ మొదలుపెట్టాం.

అవ్వ వాసన నేర్పే రోజు నేను చేసిన తెలివితక్కువ పని మా వాడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. బీడీలు చుట్టేటప్పుడు అవ్వ ఒళ్లో పరుచుకునే గుడ్డ తెచ్చి మోతికి చూపించాను. అది చక్కగా వాసన చూసి, తోక ఊపి, ఎదురింట్లోకి పోయింది. అక్కడ అత్తాకోడళ్లు చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అక్కడి నుంచి పక్కింటికి, ఆ పక్కింటికి. చివరికి బీడీల కార్ఖానా ముందు కూర్చుని గర్వంగా నా మొహం చూసింది. గల్లీలో ఆడవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నేను మోతిని కొట్టబోతే కాక అడ్డం వచ్చారు. "కుక్క తప్పు లేదు. నువ్వు తంబాకు అడిగినవు, అది తంబాకు సూపెట్టింది. మీ అవ్వను అడుగు, మీ అవ్వను సూపిస్తది." ఆ రోజు ఇల్లంతా వెతికితే, తంబాకు అంటని అవ్వ వస్తువు దిండు గలీబు ఒక్కటే దొరికింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషికి సొంత వాసన మిగిలింది అంతే. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ నిజంగా తప్పిపోయింది నాలుగు నెలల తర్వాత. గలీబు వాసన చూసి మోతి బస్టాండు దాకా, అక్కడి నుంచి బోధన్ రోడ్డు పట్టి, ఒక టైర్ల దుకాణం వెనకకు తీసుకుపోయింది. అవ్వ అక్కడ ఇటుకల మీద కూర్చుని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే నోరూ లేచింది. తిట్టబోతుంటే కాక చెయ్యి అడ్డం పెట్టారు.

"తిట్టకు, కుక్క ఇంటది. గంత దూరం ఎతికితే ఆఖరికి తిట్లు దొరుకుతయని దానికి తెలిస్తె, రేపెందుకు ఎతుకుతది? దొరికినోళ్లు నవ్వాలె, దొరికిచ్చుకున్నోళ్లు నవ్వాలె."

కుక్క కోసం పళ్లు బిగించుకుని నవ్వాను. నన్ను చూసి అవ్వ నవ్వింది. మోతి ఇద్దరి చుట్టూ గంతులేసింది. అప్పటి నుంచి అవ్వ ఆరుసార్లు పోయింది, ఆరుసార్లు దొరికింది, ఆరుసార్లూ రోడ్డు మీద పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇంట్లో కూడా అలవాటైంది. చాయలో ఉప్పు వేసినా ఇప్పుడు అవ్వను తిట్టడం లేదు. చాలావరకు.

కాక పోయిన పొద్దున మోతి మంచి హుషారు మీద ఉంది. మలుపు తిరగగానే మెట్ల మీద ఆయనను చూసి నా చేతిలోంచి తాడు గుంజుకుని ఉరికింది. ఆయన నవ్వలేదు. మోతి ఆయన మోకాలి మీద కాలు వేసింది, చెయ్యి నాకింది, వెనక్కి జరిగి ఒకసారి మొరిగింది. కాక కునుకు తీస్తున్నారనుకుని నేను దూరం నుంచే నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచి పట్టీ చేతిలోకి తీసుకుంటే చాలు, మోతి మిషన్ కిందకు దూరి మొహం గోడకు తిప్పుకునేది. బుజ్జగించాను, మాంసం ముక్క పెట్టాను, ముట్టలేదు. ఇటు అవ్వ పొద్దున లేవగానే "జమేదార్ రాలేదా?" అని అడిగేది. రెండు రోజులు నిజం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త చావే, అంతే ఏడుపు. మూడో రోజు నుంచి "వస్తడు" అంటున్నాను. నాకు రాత్రీ పగలూ ఒకటే భయం. అవ్వ రేపో మాపో గడప దాటుతుంది, వెతికే కుక్క లేదు, నేర్పే మనిషి లేడు.

మూడో దినం పిట్టకు పిండం పెట్టిన మర్నాడు చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఓదార్చడానికి పోయిన నన్ను ఆమే అడిగింది, "మోతి పనికి పోతున్నదా?" అని. పోతున్నదని అబద్ధం చెప్పాను. నా మొహం చూసి, "పోదు. నాకు తెలుసు" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ల పెళ్లైన కొత్తలో, బోధన్ దగ్గర చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక ముసలాయన కనబడకుండా పోయాడట. కాక కుక్క చెరుకు తోటల్లోంచి వాసన పట్టి నిజాంసాగర్ కాలువ గట్టు దాకా వెళ్లి ఆగింది. శవం నీళ్లలో దొరికింది. ఆ తర్వాత కుక్క రెండు రోజులు బువ్వ ముట్టలేదు, పనికి లేవలేదు.

"గప్పుడు మీ కాక నన్ను తోలుకపోయి చెరుకు తోటల కూసోబెట్టిండు. పాణమున్న మనిషి దొరికితేనే దాని గుండెల భయం పోతదన్నడు. నాకేమో సిగ్గు, నవ్వు రాకపాయె. మూడు దినాలు దాసుకున్న. మూడో దినం నవ్విన. గది మల్ల పనికి లేసింది." చిన్నమ్మ నా వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల నేను పోయి కూసుంట. నువ్వు మోతిని తోలుకరా."

"వద్దు చిన్నమ్మా. పదకొండు దినాలన్న గాలేదు. గడప దాటితే నలుగురేమంటరు?"

"మీ అవ్వ పోతే గా నలుగురు ఎతుకుతరా?"

తెల్లవారి ఆమె రాత్రి తలకింద పెట్టుకున్న తన తువ్వాల నాకిచ్చి ముందు వెళ్లింది. తువ్వాల కన్నీళ్లకు ఇంకా తడిగానే ఉంది. పట్టీ తీస్తే మోతి ఎప్పటిలాగే మిషన్ కిందకు దూరింది. నేను తాడు గుంజలేదు. తువ్వాల దాని ముందు పెట్టి పక్కనే నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ముక్కు ముందుకు చాపింది. ఇంకా చాలాసేపటికి లేచింది.

తోక కాళ్ల మధ్య పెట్టుకుని, గోడల వెంబడే నడిచింది. రెండుచోట్ల ఆగిపోయింది, నేనూ ఆగాను. చివరికి నీళ్ల ట్యాంకు వెనక మలుపు తిరిగి చిన్నమ్మను చూడగానే నాలుగు అడుగుల దూరంలో నిలబడిపోయింది. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మోతి ముందుకు రాలేదు. దాని ఒళ్లంతా వణకడం తాడు మీదుగా నా చేతికి తెలుస్తూ ఉంది.

చిన్నమ్మ నోరు తెరిచింది, నవ్వు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మూడోసారి గొంతు పగిలినట్టు ఏదో చప్పుడు బయటికొచ్చింది, అది నవ్వయింది. "పాణంతోనే ఉన్ననే మోతీ! సూడు, పాణంతోనే ఉన్న!" అంటూ రెండు చేతులా చప్పట్లు కొట్టింది. పదో దినం తీసేయబోయే గాజులు ఆ చేతులకు ఇంకా నిండుగా ఉన్నాయి, గల్లీ అంతా గలగలమన్నాయి. మోతి ఒక్క ఉరుకులో ఆమె ఒళ్లో పడింది. పాలాయన సైకిల్ ఆపి, మొగుడు పోయి వారం తిరగని మనిషి నడిరోడ్డు మీద నవ్వడం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చిన్నమ్మ అతన్ని చూసింది. చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్నా, నవ్వు మాత్రం ఆపలేదు.