రెండొందలకు వదిలేసిన పొట్లం

మా గోల్‌బజార్‌లో కుక్కర్లు బేరమాడి కొన్నవాళ్ళున్నారు, పెళ్ళి బ్యాండును బేరమాడి సగానికి దించినవాళ్ళున్నారు. విమానాన్ని బేరమాడి కొన్నది మాత్రం నేనొక్కదాన్నే. పధ్నాలుగు వేలు చెప్పినదాన్ని ఎనిమిదివేల ఐదొందలకు దించాను. అక్కడితో ఆగితే నేను మా నాన్న కూతుర్ని ఎలా అవుతాను? దాంతోపాటు ఇస్తున్న చిన్న ప్లాస్టిక్ పొట్లాన్ని వెనక్కి తోసి, ఇంకో రెండు వందలు తగ్గించి, ఎనిమిదివేల మూడొందలు చేతిలో పెట్టాను. నలభై ఆరేళ్ళ జీవితంలో అంత చక్కగా బేరం చేసిందీ లేదు, అంత చక్కగా మునిగిందీ లేదు.

విమానమంటే మనుషులు ఎక్కేది కాదు. ఫోమ్‌తో చేసిన ఒళ్ళు, బారెడు రెక్కలు, ముందొక ప్రొపెల్లర్, పొట్టలో బ్యాటరీ. నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేయాలి. అమ్మినతను మా ఊరి ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన ముగించుకుని ఊరెళ్ళిపోతున్న వరంగల్ మనిషి. వాడిన కుక్కరూ గిన్నెలూ తిరిగి అమ్మడానికి మా స్టీలు సామాన్ల కొట్టుకొచ్చాడు. బయట టోటోలో, అంటే అతనొచ్చిన బ్యాటరీ రిక్షాలో, రెక్కలు కనబడ్డాయి. గిన్నెల బేరం పక్కన పెట్టాను.

"అక్కా, రిమోట్ ముచ్చట ఒకటి చెప్పాలె..."

"కథొద్దు తమ్ముడూ, రేటు సెప్పు."

"గది కాదక్కా, ఈ పొట్లంల..."

"పొట్లం నువ్వే ఉంచుకో. ఎంత తగ్గిస్తావు?"

ఇది నాన్న నేర్పిన విద్య. సరుకు కథ విన్నావా, ధర పెరిగినట్టే. కొట్టు మీదుగా ఎయిర్‌ఫోర్స్ జెట్లు పోయేటప్పుడు ఆ చప్పుడును కూడా ఆయన వృథా పోనిచ్చేవాడు కాదు. చెవులు చిల్లులు పడుతుంటే కొనేవాడు ఏదో రేటు అడిగేవాడు, నాన్న తల ఊపేవాడు. చప్పుడు సద్దుమణిగాక, "సరే, నువ్వన్నట్టే నూట ఇరవై" అనేవాడు. అడిగినవాడు వంద అన్నాడో, నూట ఇరవై అన్నాడో వాడికే అనుమానమొచ్చేది. నేను గుమ్మంలోకి పరుగెత్తి పైకి చూసేదాన్ని. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ విమానం ఉండదు, ఎప్పుడో ముందుకు పోయి ఉంటుంది. ఆకాశం విషయంలో నా అయోమయం అప్పుడే మొదలైంది. ఆ తర్వాత పెరిగిందే కానీ తగ్గలేదు.

ఎయిర్‌ఫోర్స్ స్థావరం పక్కనే ఉండడం వల్ల మా ఊళ్ళో ఇలాంటివి ఎగరేయకూడదు. అందుకని ఈ పిచ్చి ఉన్న ఎనిమిదిమంది ప్రతి ఆదివారం పొద్దున్నే మోటార్ సైకిళ్ళ మీద గంటసేపు ప్రయాణం చేసి, నారాయణ్‌గఢ్ దాటాక ఒక రైతు కోసేసిన వరిపొలానికి పోతారు. మళ్ళీ వానలొచ్చి దుక్కి దున్నేదాకా ఆ పొలం వాళ్ళది. ఇందా పేటలో మందుల షాపున్న బెంగాలీ దాదా నన్ను వాళ్ళలో చేర్చాడు. తొమ్మిదోదాన్ని నేను. ఒక్కటే షరతు. విమానాన్ని ఎవరి చెయ్యీ పడకుండా సొంతంగా నేలకు దింపేదాకా, ఎవరిది పడినా పరుగెత్తి ఏరుకొచ్చేది కొత్తగా చేరినవాళ్ళే. వరి మోళ్ళలో చెప్పులు తెగేలా పరుగెత్తి నేను ఏరిన ముక్కలు కలిపితే రెండు విమానాలవుతాయి.

నేర్పేది బాబాయ్. మా శ్రీకాకుళం వైపువాడే. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, నిమ్‌పురాలో కొడుకు క్వార్టరులో ఉంటున్నాడు. అక్కడ ఎగరేసే ప్రతివాడి చేతులూ ఆయన దిద్దినవే. పైన విమానం అదుపు తప్పి నేర్చుకునేవాడికి బెదురొస్తే, రిమోట్ ఆయన చేతిలో పెట్టేస్తాడు, ఆయన దించేస్తాడు. పదేళ్ళలో ఒక్కరి విమానమూ ఆయన చేతిలో పడలేదు. అందరూ ఈ మాట చెప్పాకే నాకు టీ ఇచ్చారు.

మొదటిరోజు బాబాయ్ నా విమానాన్ని రెక్కల కింద రెండు వేలికొసల మీద నిలబెట్టమన్నాడు. అటూ ఇటూ ఒరగకుండా తక్కెడ ముల్లులా నిలిచింది. ఈ విద్యలో నాకు వెంటనే అర్థమైంది ఇదొక్కటే. తర్వాత రిమోట్ చేతిలోకి తీసుకుని దాని రెండు పుల్లలూ కదిపి చూశాడు.

"ఏటమ్మా ఇది? ఉల్టా ఉందేటి?"

అందరి రిమోట్లలోనూ ఎడమ పుల్ల ముందుకు తోస్తే వేగం పెరుగుతుంది, కుడి పుల్ల వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది. నాదాంట్లో వేగం కుడిచేతిలో, ముక్కు ఎడమచేతిలో ఉన్నాయి. దాదా తొంగి చూసి, "దీదీ, ఎటా తో ఉల్టో!" అని నవ్వాడు. ఎనిమిది జతల కళ్ళు నా మీదే. కొట్టులో పుట్టినదాన్ని, నాసిరకం సరుకు కొన్నానని బజారులో ఒప్పుకుంటానా?

"స్పెషల్ మోడల్ బాబాయ్. కావాలనే తెచ్చినాను. కొత్తదైతే పదిహేను వేలు."

బాబాయ్ సీసా ఎత్తి గడగడా మంచినీళ్ళు తాగాడు. "నా కాడ ఇంకో రిమోటుంది, ఊరికే ఇస్తాను, తీసుకో" అన్నాడు. ఊరికే వచ్చినదే అన్నిటికన్నా ఖరీదు అన్నది నాన్న రెండో సూత్రం. వద్దన్నాను.

"సరే. మరి పైన బెదురొస్తే? ఇది నా సేతిలో పెట్టినా నేనేటి సెయ్యగలను?"

"నాకు బెదురేటి బాబాయ్!"

బిల్లులు కొట్టే కంప్యూటరుకు రిమోట్ తగిలించి, తెర మీద బొమ్మ విమానంతో నెలరోజులు సాధన చేశాను. గరిటెలు కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. పొలానికి వచ్చాక తెలిసింది, అసలు చిక్కు రిమోట్‌లో కూడా లేదు. విమానం నా నుంచి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి నా కుడే. తిరిగి నాకేసి వస్తున్నప్పుడు దాని కుడి నా ఎడమ. "నీకేసి వచ్చేటప్పుడు ఏ రెక్క వాలితే అటే పుల్ల తొయ్యి, పడిపోతున్నదానికి కర్ర ఆనించినట్టు" అనేవాడు బాబాయ్. బాగుంది. కానీ పోయేటప్పుడు అలా చేస్తే బోర్లా పడుతుంది. వచ్చేటప్పుడొక న్యాయం, పోయేటప్పుడొక న్యాయం. పైగా అంత ఎత్తున అది వస్తోందో పోతోందో ఎవరు చెప్పాలి? దీనికి తోడు ఆయన నా కోసం ప్రతి మాటా మనసులో తిరగేసి చెప్పాలి. "కుడి లాగు... కాదు, నీకు ఎడమ, ఎడమ!" అనేవాడు. ఆయన ఎడమ అన్నది తిరగేశాకా, ముందా అని నేను ఆలోచించేలోపు విమానం చెరుకుతోట వైపు పోయేది.

అయినా నాలుగో నెలకు గాల్లో గుండ్రంగా తిప్పడం వచ్చింది. దింపడం ఒక్కటే మిగిలింది.

మార్చిలో ఒక ఆదివారం, మబ్బు పట్టి ఆకాశమంతా స్టీలు పళ్ళెంలా ఉంది. నా బూడిదరంగు విమానం అందులో కలిసిపోయి, ఒక గీతలా కనబడింది. గీతకు ముక్కేదో తోకేదో తెలియలేదు. అటు తోశాను, ఇటు తోశాను. గీత నిలువయింది.

"బాబాయ్!" అని అరిచి రిమోట్ ఆయన చేతుల్లోకి తోసేశాను.

ముక్కు ఎత్తాలని ఆయన కుడి పుల్ల లాగాడు. మోటారు ఆగింది. వేగం ఇవ్వాలని ఎడమ పుల్ల ముందుకు తోశాడు. ముక్కు ఇంకా కిందికి దిగింది. ఏ చేతులు అందరి విమానాలను కాపాడాయో ఆ చేతులే, సరిగ్గా అలవాటు ప్రకారమే, నా విమానాన్ని తిన్నగా భూమిలోకి దింపాయి.

బాబాయ్ రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"సెయ్యి పోనాదమ్మా" అన్నాడు.

మీ చెయ్యి కాదు, నా రిమోట్ అని అప్పుడే అనాలి. అంటే స్పెషల్ మోడల్ మాట ఏమవుతుంది? "పర్లేదు బాబాయ్" అన్నాను. ఆ మాటకు అర్థం, మీ తప్పే కానీ క్షమించాను అని. అది తెలిసే అన్నానా, తెలియక అన్నానా? ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. మూడో ఆదివారం ఆయన లేకుండా ఎవరికీ ఎగరేయబుద్ధి కాక, మరమరాలు తిని వచ్చేశాం. నాలుగో ఆదివారం మధ్యాహ్నం మా వాట్సాప్ గుంపులో బాబాయ్ మెసేజ్ పెట్టాడు. తన విమానాలు ఐదూ ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళొచ్చు, ధర లేదు అని. మామూలుగానైతే ధర లేదన్న మాట చూడగానే చెప్పులేసుకునేదాన్ని. ఆ రోజు వేసుకోలేదు.

ముందు వరంగల్ అతనికి ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి రాబట్టాలనో, తిట్టిపోయాలనో నాకే తేల్లేదు.

"గదే చెప్పబోయిన గదక్కా. గా పొట్లంల నాలుగు స్క్రూలు, ఒక స్ప్రింగు, ఎట్ల మార్చాల్నో రాసిన కాయితం ఉండె. ఎనక మూత ఇప్పి మారిస్తే రిమోట్ అందరి లెక్కనే అయితది. పది నిమిషాల పని."

"ఆ పొట్లం ఏది ఇప్పుడు?"

"ఎక్కడిదక్కా! రెండొందలు కోస్తిరి, పొట్లం వద్దంటిరి, కథ వద్దంటిరి. చెత్తల ఏసిన."

ఇంకేం తిట్టను? అతను చెప్పిన ప్రతి ముక్కా న్యాయమే.

టోటో ఎక్కి నిమ్‌పురా పోయాను. బాబాయ్ గదిలో కొక్కేలకు వేలాడే ఐదు విమానాలూ కిందికి దిగి, తుడిపించుకుని, మంచం మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఇచ్చెయ్యడానికి సిద్ధం చేసినవి.

"బాబాయ్, అది స్పెషల్ మోడల్ కాదు. నేను మోసపోనాను. కాదు, నన్ను నేనే మోసం సేసుకున్నాను" అని పొట్లం సంగతంతా చెప్పాను.

"నాకు తెల్దేటి? పదిహేను వేలని నువ్వంటే నవ్వు ఆపుకోనేక మంచినీళ్ళు తాగినాను."

"మరి సెయ్యి పోనాదని ఎందుకంటారు?"

"ఉల్టా అని తెలిసే పట్టుకున్నాను కదమ్మా. తెలిసీ సెయ్యి తప్పినాది. దాన్ని ఏటంటారు?"

బేరంలో మాటతో తెగనప్పుడు సరుకు చేత్తో పట్టుకోవాలి. "మీ రిమోట్ ఇలా ఇవ్వండి" అన్నాను. దాన్ని ఆయన లాప్‌టాప్‌కి తగిలించి, తెర మీద విమానం ఎత్తాను. ముక్కు ఎత్తబోతే మోటారు ఆగింది. వేగం తగ్గించబోతే ముక్కు నిక్కబొడుచుకుంది. మా కొట్టు కంప్యూటర్‌లో హాయిగా తిప్పినదాన్ని, మూడుసార్లు కూలేశాను. ఇది ఉల్టా అని నాకు తెలుసు. తెలిసే కూలేశాను. ఆరు. ఏడు.

"ఎత్తు, ఎత్తమ్మా! అటు కాదేటి తల్లీ!" ఎనిమిదోసారికి బాబాయ్ మంచం మీంచి లేచాడు. తొమ్మిదోసారికి ఆయన రెండు చేతులూ గాల్లో లేని పుల్లలను పట్టుకుని తిప్పుతున్నాయి. వణుకు లేదు, తడబాటు లేదు. పదకొండోసారి కూలేసి ఆ చేతుల వైపు చూపించాను.

"నాలుగు నెలల అలవాటుకే నా సేతులు మీ రిమోట్‌తో పదకొండుసార్లు పడినాయి. పదేళ్ళ అలవాటుతో మీరు నాదాన్ని ఒక్కసారి పడేసినారు. ఎవల సెయ్యి పోనాది బాబాయ్?"

ఆయన చేతులు దించుకుని, నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. ఇదే అదను అనుకున్నాను.

"ఈ ఐదూ ఎంతకిస్తారు?"

"ధర నేదని రాసినాను కదా."

"ధర లేని సరుకు నేను కొనను. ఇంకెవల్నీ కొననివ్వను. మెసేజ్ తీసెయ్యండి."

తీసేశాడు. తీసేశాక నా రిమోట్ గురించి అడిగాడు. "స్క్రూలు నా కాడున్నాయి, మార్సీమంటావా?" ఇప్పుడు మారిస్తే నా చేతులు మళ్ళీ మొదటికొస్తాయి. మార్చకపోతే ఇక జన్మలో నా విమానాన్ని ఎవరూ కాపాడలేరు. ఏది లాభమో ఎంతసేపు కూడినా లెక్క తెగలేదు. ఆయనే తెంచాడు. "ఉండనీ. నేను నీ ఎనకాల నిలబడతాను. సెయ్యి మట్టుకు ఎయ్యను."

తర్వాతి ఆదివారం అలాగే, చేతులు వెనక్కి కట్టుకుని, నా వెనక నిలబడ్డాడు. దాదా జిగురుతో అతికించి, టేపు చుట్టి ఇచ్చిన విమానాన్ని మూడుసార్లు తిప్పి దించబోయాను. వెనక నుంచి ఆయన ఊపిరి వినబడుతోంది. నేల దగ్గరకొచ్చేసరికి అది వస్తోందో పోతోందో మళ్ళీ మరిచిపోయాను. ఏదో రెక్క వాలింది, ఎటో తోశాను. నలభై అడుగులు అవతల వరి మోళ్ళలో పొట్ట మీద జారి ఆగింది. ముక్కలు కాలేదు. అలవాటుగా ఏరుకొచ్చేందుకు పరుగు తీయబోయాను.

"నువ్వాగు! దింపినోళ్ళు ఎల్లకూడదు" అని బాబాయ్ లుంగీ ఎగగట్టి మోళ్ళలో దిగాడు. "ఆఖర్న పడేసినోడిని నేనే కదా, నేనే ఎల్లాల."

ఇక లెక్క. విమానం, రిమోట్ ఎనిమిదివేల మూడొందలు. ఫోమ్, జిగురు, టేపు ఆరొందల నలభై. ఐదు ప్రొపెల్లర్లు నాలుగొందల యాభై. దింపినందుకు తొమ్మిదిమందికి సింగాడాలనే ఇక్కడి సమోసాలు, జిలేబీలు రెండొందల డెబ్భై. మొత్తం తొమ్మిదివేల ఆరొందల అరవై. చెప్పిన ధర పధ్నాలుగు వేలు కాబట్టి నాలుగువేల చిల్లర లాభమని బజారులో చెప్పుకుంటున్నాను.

పొట్లం వదిలేసి మిగుల్చుకున్నది రెండు వందలు. దానికి పోయినవి బాబాయ్ ఆదివారాలు నాలుగు. అంటే ఒక్కొక్కటి యాభై రూపాయలకు అమ్మాను. సరుకు నాది కాదు.