జోడెద్దులు తినేదాకా

రైలు ఆదోనిలో దింపేసరికి ఉదయం ఏడు. ఎమ్మిగనూరులో చేనేత దుప్పటి కొనుక్కోవడం నా పని. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ వాసన ముక్కు పట్టుకుని లాగుతున్నా, బస్సు కదులుతోందని ఎక్కేశాను. ఆ తొందరకు తగిన శాస్తి తర్వాత జరిగింది.

పక్క సీట్లో ఈరన్న అనే రైతు. ఒళ్లో కొమ్ముల రంగు డబ్బా, కొత్త మువ్వల పట్టీ ఒక్కటే. ఎద్దుల జోడుకు రెండుండాలి కదా అని అడిగాను.

"అన్నదమ్ములం భాగాలు పంచుకున్న్యాం సారూ. తలా ఒక ఎద్దు వచ్చింది. ఇప్పుడు మాటల్లేవు. వాన పడింది, ఒంటెద్దుకు ఇత్తనాల గొర్రు కట్టి ఇత్తేదెట్ల?" అని నిట్టూర్చాడు. అంతలోనే, "ఈపొద్దు ఏరువాక పున్నమి. మా ఇంట్లో భక్ష్యాలు తిని పోదువు రా" అన్నాడు.

భక్ష్యాలంటే, అదే బొబ్బట్లంటే, నేను ఎక్కడైనా దిగిపోయే మనిషిని. దిగాను.

ఇల్లు రోడ్డు పక్కనే. ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, హారతిచ్చి, తొలి భక్ష్యం దానికే తినిపించారు. నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. మేమిద్దరం ఆకుల ముందు కూర్చోగానే ఈరన్న భార్య నాగమ్మ గిన్నె మీద మూత పెట్టేసింది.

"జోడు తినంది ఇంట్లో ఎవరూ తినగూడదు. ఇంగో ఎద్దు తిన్యాదా?"

"అది వానిది గదా!"

"భాగాలు పంచుకున్న్యది మీరు. ఎద్దులు గాదు."

ఈరన్న గొణిగాడు, మీసం దువ్వాడు, చివరికి భక్ష్యాల పళ్లెం పట్టుకుని లేచాడు. వాకిలి దాటకముందే తమ్ముడు హనుమంతు ఎదురొచ్చాడు, తన ఎద్దును పట్టుకుని.

"మా ఇంట్లో గూడా మూత తీయల్యా అన్నా. పొద్దున్నుంచి పస్తు!"

నవ్వాపుకోలేకపోయాను. ఈరన్న మాత్రం తమ్ముడి ఎద్దుకు భక్ష్యం పెడుతూ, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు అందరం ఒకే బంతిలో కూర్చున్నాం. నాగమ్మ మొదట వడ్డించింది మగనికీ కాదు, అతిథినైన నాకూ కాదు, వాళ్ల పొలం దున్నే సేద్యగాడు తిమ్మప్పకు. "ఎద్దుల తర్వాత వాటి ఎనక నడిసినోనికే" అంది. అంత చక్కని మర్యాద నేను ఏ పెళ్లి పందిట్లోనూ చూడలేదు. ఎన్ని భక్ష్యాలు తిన్నానో మాత్రం అడగొద్దు.

ఎమ్మిగనూరులో ఒక దుప్పటి కొందామని పోయి జత కొన్నాను. సాయంత్రం తిరుగు బస్సు ఆ ఊరు దాటుతుంటే కిటికీలోంచి మెడ చాచి చూశాను. పండుగ ముగిసినా హనుమంతు తన ఎద్దును తోలుకుపోలేదు. రెండూ ఒకే గుంజకు కట్టి ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ గొర్రు ముందేసుకుని దాని తాళ్లు బిగిస్తున్నారు.