పాలలో కలిపిన చూర్ణం

గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి మా ఆయన నా పక్కన పడుకోవడమే తప్ప నన్ను ముట్టుకోలేదు. నేనేమీ అడగలేదు. ఆయనే సిగ్గుతో కుంగిపోయి, మరమగ్గాల కార్ఖానా నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతుకుదెరువుకని ఊరు కాని ఊరొచ్చి ఉంటున్న ఈ పాండేసరాలో మా గల్లీ ఆడవాళ్లం చీరలకు రాళ్లు అంటిస్తూ అన్నీ మాట్లాడుకుంటాం. వాళ్లలో ఒకామె, రోడ్డు పక్క డేరాలో జడీబూటీలు అమ్మేవాడి దగ్గర చూర్ణం తెచ్చిపెట్టింది. అశ్వగంధలాంటి వేర్లే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! చెబితే చిన్నబుచ్చుకుంటాడని, చెప్పకుండానే పాలలో కలిపి ఇచ్చాను.

పనిచేసింది. మూడు వారాలు మా ఆయన కొత్త పెళ్లికొడుకయ్యాడు. మీసం దువ్వుకున్నాడు, మగ్గం దగ్గర ఈల కూడా వేశాడట. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు?

ఒక ఆదివారం పొద్దున ఛాతీలో నొప్పన్నాడు. ఆస్పత్రిలో ఉన్నది మన తెలుగు డాక్టరే. నాలుక కింద పెట్టే గోలీ చేతిలో పట్టుకుని, మగతనపు ‘తాకత్’ కోసం ఏమైనా వాడుతున్నావా అని అడిగారు. మా ఆయన నవ్వాడు. తనకు ఆ అవసరమే లేదన్నాడు. పక్కనే మా మామ, పెళ్లీడుకొచ్చిన నా కూతురు. గల్లీలో అందరి నోళ్లూ మూయించే నాకు నోరు పడిపోయింది. డాక్టరు చెయ్యి ఆయన నోటిదాకా వెళ్లాక ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేనే ఇచ్చిన సార్, పాలల్ల కలిపి. ఆయనకు తెల్వది. నిన్న గూడ ఇచ్చిన."

డాక్టరు ఆ గోలీ పక్కన పెట్టేసి వేరే మందు ఎక్కించారు. తర్వాత నన్ను బయటికి పిలిచి కోప్పడ్డారు. వట్టి వేర్ల పొడి అంత తొందరగా, అంత గట్టిగా పనిచేయదట. ఇలాంటి చూర్ణాల్లో మెడికల్ షాపులో దొరికే ‘తాకత్’ గోలీనే నూరి కలిపేస్తుంటారట. దాని మీద ఈ గుండె గోలీ పడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చట.

బతికాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు నా చేతి పాలు ముట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడో రోజు మంచం అంచున కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"గట్లయితే గా మూడు వారాలు... నేను గాదా?"

నువ్వేనన్నాను. తలూపాడు, నమ్మలేదు. లేచి చాప తీసుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయాడు. ఏడాది దాటింది. బియ్యం కడుగుతున్నా, చీర ముందేసుకుని కూర్చున్నా వెనక నుంచి ఎవరో అదే మాట అడిగినట్టుంటుంది. ఉలిక్కిపడి చూస్తాను. ఆయన మాత్రం మళ్లీ అడగలేదు.