మేలిముసుగు దగ్గర టాంటీ ఇసిల్మా

తెల్లవారగానే టాంటీ ఇసిల్మా, అంటే మా ఊరందరికీ పిన్నమ్మ, చేసే మొదటి పని జలపాతానికి గుడ్ మార్నింగ్ చెప్పడం. మా గ్రెనడా దీవిలో ఎవరైనా ముందు పలకరించి గాని మాట మొదలుపెట్టరు. ఆమె నీళ్ళకీ అదే మర్యాద చేసేది. తర్వాత కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, దారిలో రాలిన జాజికాయ ఆకులు ఊడ్చి, పాచి పట్టిన మెట్ల మీద ఇసుక చల్లేది. ఎక్కడి నుంచో వచ్చిన ఏ ముసలమ్మో కాలు జారి పడకూడదని ఆమె బెంగ.

వానాకాలంలో ఆ జలపాతానికి మేలిముసుగన్న పేరు తగినదే. కానీ యాత్రికుల పెద్ద ఓడలు మా రేవుకు వచ్చేది ఎండల్లో. అప్పుడది సరిగా కట్టని కుళాయిలా కారుతుంటుంది. చెమటలు కక్కుతూ కొండెక్కిన యాత్రికులు పైకి చూసి, కిందికి చూసి, "ఇంతేనా?" అనేవారు. నీళ్ళు తానే దాచేసినట్టు టాంటీ సిగ్గుపడిపోయి, ఒక్కొక్కరి చేతిలో వేడివేడి కోకో టీ పెట్టేది.

ఆ ఏడు మార్చిలో, ఓడ దిగినవాళ్ళని మా కొండకి తీసుకొచ్చే బస్సు డ్రైవరు సెల్విన్ టోపీ నలుపుకుంటూ వచ్చాడు.

"టాంటీ, నా మీద కోపం తెచ్చుకోకు. వచ్చే గురువారమే ఆఖరు. ఓడవాళ్ళు ఈ చోటు వద్దంటున్నారు. జనం గొణుగుతున్నారట."

"అయితే కొండ అవతల జలపాతానికి తీసుకెళ్తావా?"

"దాంట్లో నీళ్ళున్నాయి టాంటీ."

బస్సు రాకపోతే మా ఊరికి బయటివాళ్ళెవరూ రారు. భర్త పోయినప్పుడు మంచం దిగని టాంటీని లేపి నిలబెట్టింది ఆ మెట్లు ఊడ్చే పనే. ఎవరూ ఎక్కని మెట్లు ఎవరికోసం ఊడుస్తుంది?

ఆదివారం చర్చి వాకిట్లో అరటితోట ఫెస్టస్ ఒక ఉపాయం చెప్పాడు.

"పైన వాగుకి అరటి బోదెలు అడ్డం వేద్దాం. సెల్విన్ కొండ కిందకి వచ్చి హారన్ కొట్టగానే లాగేద్దాం. చూసుకో మరి మేలిముసుగు!"

"అది మోసం కాదుటయ్యా?"

"నీళ్ళు దేవుడివి టాంటీ. మనం కాసేపు ఆగమంటున్నాం, అంతే."

ఆమె నవ్వింది గాని, మనసు ఒప్పినట్టు లేదు.

ఒకరింట పని పడితే ఊరంతా చేతులు కలపడాన్ని మేం మరూన్ అంటాం. పని చేయించుకునేవాళ్ళు కుండెడు వంట చేసి పెడతారు. గురువారం పొద్దున్నే మగవాళ్ళు వాగు దగ్గరికెళ్ళారు. మేం ఆడవాళ్ళం జలపాతం పక్కన రాళ్ళ పొయ్యి పెట్టి, సీమపనస, చేమాకులు, ఉప్పుమాంసం కొబ్బరిపాలలో ఉడకేశాం.

హారన్ వినిపించింది. ఫెస్టస్ బోదెలు లాగాడు. అబ్బ, ఏమి నీళ్ళు! కొండంతా తెల్లబారింది. మేం చప్పట్లు కొట్టాం. చూడాల్సినవాళ్ళే లేరు. మళ్ళీ హారన్, ఎక్కడో లోయలో. ఇంకాసేపటికి ఇంకోటి. అప్పుడు గాని మాకు వెలగలేదు. మా డ్రైవర్లు దారిలో కనపడ్డ తెలిసినవాళ్ళందరినీ హారన్‌తోనే పలకరిస్తారు. సెల్విన్‌కి తెలియనివాడు ఈ దీవిలో లేడు.

యాత్రికులు మెట్లెక్కి వచ్చేసరికి మళ్ళీ ఆ కుళాయి ధారే మిగిలింది. పైనుంచి ఫెస్టస్ బురదలో జారుకుంటూ వచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగాడు. అతని చొక్కా జేబులో ఒక రొయ్య ఎగురుతోంది.

"ఇంతేనా?" అన్నాడొక పెద్దమనిషి.

"ఇంతే బాబూ," అంది టాంటీ. "ఇందాక బోలెడన్ని ఉన్నాయి. మీకోసం కట్టి పెట్టాం. ఈ సెల్విన్ హారన్ విని తొందరపడి వదిలేశాం." జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

"నేనేం చేశాను? మా మేనత్త కనపడితే పలకరించొద్దా?" అన్నాడు సెల్విన్.

"నీకు మైలుకో మేనత్త రా!" అన్నాడు ఫెస్టస్, మొహం మీద బురద తుడుచుకుంటూ.

ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక లావుపాటావిడ పకాలుమని నవ్వింది. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడి, "ఆ కుండలో ఏముందమ్మా? ఇందాకటి నుంచీ ప్రాణం లాగేస్తోంది," అంది.

అరిటాకుల్లో వడ్డించాం. వంట మగవాళ్ళ కోసం చేసిందే అయినా, వాళ్ళు అడక్కుండానే తమ వంతు తగ్గించుకున్నారు. ఆ పెద్దమనిషి ఫెస్టస్ పక్కనే కూర్చుని తిన్నాడు. జలపాతం మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ఎర్రటోపీ ఆవిడ సెల్విన్ భుజం తట్టి, "ఈ చోటికి బస్సు ఆపేశావో, నీ పని చెప్తా," అని బెదిరించింది.

అందరూ బస్సెక్కాక సెల్విన్ వెనక్కొచ్చాడు. "ఓడవాళ్ళతో మాట్లాడి చూస్తా టాంటీ. మాట మాత్రం ఇవ్వలేను. ఏమని చెప్పమంటావు?"

టాంటీ గరిటె పక్కన పెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

"నాకొక్క సాయం చెయ్యి నాయనా. రేవులోనే వాళ్ళకి ఉన్నమాట చెప్పెయ్యి, ఈ ఎండల్లో ఇక్కడ నీళ్ళుండవని. అయినా వస్తామన్నవాళ్ళని ఏమీ తిననివ్వకుండా, ఆకలితో తీసుకురా."