చొప్పున అంటే ఇంటూ

కోడుమూరులో మా వీధిలో సాయంత్రమైతే రెండు చప్పుళ్లు కలిసి వినబడతాయి. ఒకటి ఉమామహేశ్వర మగ్గం చప్పుడు. రెండోది అతని భార్య శివలీల దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లల అరుపులు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య గోడ ఒక్కటే, అదీ పైకప్పు దాకా లేదు. నేను ఇవతల మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటూ ఉంటాను కాబట్టి, నాలుగో తరగతి లెక్కలు నాకు ఇష్టమున్నా లేకున్నా వచ్చేశాయి.

శివలీల బీఏ చదివింది. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాసింది, రాలేదు. మళ్లీ రాసింది, మళ్లీ రాలేదు. ఇక ఆ జోలికి పోకుండా, ముందు గదిలోని నూలు కండెల బుట్టలు ఒక మూలకు నెట్టి, గోడకు నల్లబోర్డు కొట్టించి ట్యూషన్ పెట్టింది. ఉద్యోగం రాకపోయినా పిలుపు వచ్చింది. పాలాయన దగ్గర నుంచి చర్చి పాస్టరుగారి దాకా అందరూ ఆమెను శివలీల టీచర్ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం. "ఏమ్మా టీచరూ, ఇంత కొత్తిమీర ఉండాదా" అని నేను గోడ మీంచి ఎగతాళికి పిలిచినా ముఖం వెలిగిపోయేది.

ఆమె పేరు మోగింది గురుకులం పరీక్ష వల్ల. నాలుగో తరగతి పిల్లలు అది రాసి సీటు తెచ్చుకుంటే, అయిదో తరగతి నుంచి హాస్టల్లో పెట్టుకుని చదివిస్తారు. తిండి, బట్ట, పడక అన్నీ అక్కడే. ఆ పరీక్షలో లెక్కలు మాటల్లో ఇస్తారు. పిల్లలకు గుణకారమూ వచ్చు, భాగహారమూ వచ్చు. ఏ లెక్కకు ఏది చేయాలో తెలియక దిక్కులు చూస్తారు. దానికి శివలీల ఒక కిటుకు కనిపెట్టింది. లెక్కంతా చదివి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, అందులో ఒక్క మాట పట్టుకుంటే చాలు అనేది.

"మొత్తం అంటే?" అని ఆమె అడిగేది.

"కూడిక" అని పిల్లలు అరిచేవాళ్లు.

"మిగిలినవి అంటే?"

"తీసివేత."

"సమానంగా అంటే?"

"భాగహారం."

"చొప్పున అంటే?"

"ఇంటూ."

ఈ ఆఖరిది రేకులు అదిరేలా అరిచేవాళ్లు. కిలో నలభై చొప్పున అయిదు కిలోలు ఎంత, వరసకు పది చొప్పున ఎనిమిది వరసల్లో చెట్లు ఎన్ని, ఇలాంటి లెక్కలే ఎక్కువ కదా, కిటుకు బాగానే పనిచేసింది. రెండేళ్లు వరసగా సీట్లు వచ్చాయి. వీధి చివర గోడ మీద ఆమె పేరు రంగుతో రాయించారు.

నిస్సీ ఆ గుంపులో వెనక వరుసలో కూర్చునే పిల్ల. అమ్మ విశ్వాసమ్మ, నాన్న జోసెఫ్, ఇద్దరిదీ కూలి బతుకు. చలి తగ్గే వేళకు మా దిక్కు పొలాల్లో పని ఉండదు. అందరూ సుగ్గికి పోతారు, అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు, ఇక బడి సంగతి అంతే. అంతకు ముందు ఏడు నిస్సీ కూడా పోయింది. పరీక్ష రాయాల్సిన ఏడు మాత్రం విశ్వాసమ్మ ఆమెను అవ్వ దగ్గర వదిలింది. అవ్వ ముందే చెప్పేసింది, నాకు కండ్లు ఆనవు, ఈ ఒక్కసారికే అని. సీటొస్తే నిస్సీకి చదువు, రాకపోతే మిరప చేను. మధ్య దారి లేదు.

సుగ్గికి పోయే ముందు విశ్వాసమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, పాపను మీ చేతిలో పెడ్తాండా. శానా ప్రశ్నలేస్తాది గానీ మాట దాటదు" అంది. కూతురి వైపు తిరిగి, "టీచర్ యెట్ల చెప్తే అట్లనే చెయ్యల్ల. ఎదురు మాట్లాడితే నా మీద ఒట్టు" అంది.

నిస్సీ తలూపింది. శివలీల ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, సీటు నాకొదిలెయ్ విశ్వాసమ్మా అంది. అంత మాట ఎందుకు అనాలి అని నాకు అప్పుడే అనిపించింది.

నిమ్మకాయల లెక్క జరిగింది ఆ తర్వాతే. ఆ రోజు ఎరువుల అంగడి అరుణ్ కుమార్ తన కొడుకును చేర్పించడానికి భార్యతో సహా వచ్చాడు. చేర్పించే ముందు పాఠం ఎలా చెబుతుందో చూస్తామన్నారు. వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. శివలీల గొంతు మామూలు కంటే రెండింతలు లేచింది.

యాభై ఆరు నిమ్మకాయలను బుట్టకు ఎనిమిది చొప్పున సర్దితే ఎన్ని బుట్టలు కావాలి, అని చదివింది. "లెక్కలో ఏం మాట కనబడతాంది?" అంది.

"చొప్పున."

"అంటే?"

"ఇంటూ."

సుద్దముక్క టకటకలాడింది. నాలుగు వందల నలభై ఎనిమిది అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

కాసేపటికి వెనక వరుస నుంచి నిస్సీ గొంతు వినబడింది. "టీచర్, ఉండేటివి యాభై ఆరు నిమ్మకాయలు కదా. అన్ని బుట్టలు యాడికి టీచర్?"

పిల్లలు పకపకా నవ్వారు. ఎరువుల అంగడి ఆయన కూడా నవ్వాడు, పాపం, ఆయన ముద్దుగానే నవ్వాడు. నేను మిషన్ ఆపి గోడ మీంచి తొంగి చూశాను. శివలీల బోర్డు వైపు ఒకసారి చూసింది. చూడగానే ఆమెకు తెలిసిపోయింది, నేను ఆమె ముఖం చూశాను కదా. ఒక్క మాట అంటే సరిపోయేది. అయ్యో, పొరపాటు, ఇది భాగహారం అని తుడిచేస్తే అయిపోయేది. వాళ్ల ముందు ఆ మాట ఆమె నోట రాలేదు.

"నిల్చో" అంది. "లెక్కలో చొప్పున ఉండాదా లేదా?"

"ఉండాది టీచర్."

"ఉంటే ఏం చేయల్ల?"

"ఇంటూ. కానీ టీచర్..."

"కానీ లేదు, గీనీ లేదు. బుట్టలు మోసేది నువ్వు కాదు. పరీక్షలో నీ తెలివి చూపించకు, నేను చెప్పింది చెయ్యి. చొప్పున అంటే ఏమి, గట్టిగా చెప్పు."

"ఇంటూ" అంది నిస్సీ.

"ఇంకా గట్టిగా."

ఆ పిల్ల గట్టిగా చెప్పింది. అరుణ్ కుమార్ కొడుకు ఆ రోజే చేరిపోయాడు.

పిల్లలు వెళ్లిపోయాక మగ్గం ఆగింది. ఉమామహేశ్వర మగ్గం గుంతలో నుంచే అడిగాడు. "ఏమే, యాభై ఆరు కాయలకు నాలుగొందల బుట్టలా?"

"నాకు తెలుసు. రేపు చెప్తాలే" అంది శివలీల విసురుగా.

ఆ రేపు రాలేదు. మర్నాడు మోడల్ పరీక్ష పెట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషు వెనకబడింది అంది. నిజం చెప్పాలంటే ఇవేవీ అడ్డం కాదు, ఆమె పెద్దరికమే అడ్డం. తప్పు చెప్పడం నేరమేమీ కాదు. నేను కుట్టిన జాకెట్లలో ఎన్నింటికి చేతులు బిగుతవుతాయో నాకే తెలుసు, ఊడదీసి మళ్లీ కుడతాను. శివలీల ఊడదీయలేదు. సాయంత్రం అయ్యేసరికి అదే పాట గోడ దాటి నా చెవిన పడేది, చొప్పున అంటే ఇంటూ అని.

ఎండలు ముదిరాక పరీక్ష జరిగింది. ఆ సాయంత్రమే నిస్సీ ప్రశ్నపత్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. శివలీల అరుగు మీద కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా అడుగుతూ పోయింది. తెలుగు బాగా చేసింది, పరిసరాల విజ్ఞానం బాగా చేసింది. శివలీల మురిసిపోయి, అక్కా, చూడు ఈ పిల్లను, అని నన్ను కూడా పిలిచింది.

తర్వాత లెక్కలకు వచ్చింది. నూట నలభై నాలుగు పెన్సిళ్లను ఒక్కొక్కరికి ఆరు చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయి?

"ఏం పెట్టినావు?"

"ఎనిమిది వందల అరవై నాలుగు" అంది నిస్సీ, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. "ఫస్టు ఇరవై నాలుగు అనుకున్నా టీచర్. కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో అది కూడా ఉండె. మల్ల మీరు చెప్పింది జ్ఞాపకమొచ్చె. నా తెలివి చూపించల్యా. ఇంటూనే చేసినా."

అలాంటి లెక్కలే ఇంకా రెండు ఉన్నాయి. వాటికీ ఇంటూనే.

శివలీల పత్రం మడిచింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది. నేను లోపలికి వచ్చేశాను. ఒక మనిషి సిగ్గుతో చచ్చిపోతుంటే ఎదురుగా నిలబడి చూడటం మర్యాద కాదు.

లిస్టులో నిస్సీ పేరు రాలేదు. ఆఖరి సీటు వచ్చిన పిల్లకూ నిస్సీకీ తేడా రెండు మార్కులని బడిలో సారు చెప్పాడట. ఆ వార్త విన్న రోజు శివలీల అన్నం ముట్టలేదు. నాకు చూస్తుంటే కోపం వచ్చింది, జాలీ వచ్చింది. కోపమే కొంచెం ఎక్కువ.

మూడు రోజులకు విశ్వాసమ్మ వచ్చింది, వెనకాల నిస్సీ. చంకలో చిన్న మూట. సుగ్గి నుంచి తెచ్చిన ఎండు మిరపకాయలు, ఏరి తొడిమలు కూడా తీసి పెట్టింది.

"టీచరమ్మా, మీకు ముఖం చూపించల్లంటే సిగ్గయితాంది" అంది విశ్వాసమ్మ. "మీరు అంత కష్టపడి చెప్తిరి. పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్తూ మీ పేరు చెప్పినా, మా పాపకు దేవుడు పంపిన టీచరమ్మ అని. ఇది చూస్తే మీ పేరు పోగొట్టె. ఏమే, చెప్పు టీచర్‌కు."

నిస్సీ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. "తప్పయిపాయ టీచర్" అంది.

మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. ఆ పిల్లకు అంతా తెలుసు. ఇరవై నాలుగు అని మొదట అనుకున్నది ఆ పిల్లే కదా. ఒక్క మాట కూడా అమ్మతో చెప్పలేదు. ఎదురు మాట్లాడితే నా మీద ఒట్టు అని ఆ తల్లే అని పోయింది మరి.

"తప్పు పాపది కాదు విశ్వాసమ్మా" అంది శివలీల. "నాది. నేనే తప్పు చెప్పినా. పాపకు సరైన లెక్కే తోచింది, నేనే వద్దంటి."

విశ్వాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీది శానా పెద్ద మనసు టీచరమ్మా. దాన్ని కాపాడనీకి తప్పు మీ మీదేసుకుంటాండారు."

"కాదు, నిజంగానే చెప్తాండా. చొప్పున అంటే..."

"ఆ లెక్కలు నాకేం తెలుస్తాయమ్మా. దేవుని చిత్తం లేదు, అంతే. పై ఏడు మాతోనే సుగ్గికి తీసుకపోతాం. నాలుగు కాయలు కోస్తాది." మూట అరుగు మీద పెట్టి, నిస్సీ చేత శివలీల కాళ్లకు దండం పెట్టించి, విశ్వాసమ్మ వెళ్లిపోయింది.

శివలీల నిజం చెప్పింది. ఆ నిజం కూడా ఆమెకు గొప్పతనంగానే తిరిగొచ్చింది. అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉంటుందని నేను అనుకోను. ఆ మిరపకాయలు దంచలేదు, ఎవరికీ ఇవ్వలేదు. చాలా రోజులు ఆ మూట నూలు బుట్టల పక్కనే ఉంది.

ఆ సాయంత్రమే ఆమె నిస్సీ ఇంటికి నడిచి వెళ్లింది. సుగ్గి రోజుల్లో పాపను మా ఇంట్లో పెట్టుకుంటాను, అయిదో తరగతి పిల్లలకు ఇంకో పరీక్ష ఉంది, రాయిస్తాను అని బతిమాలింది. విశ్వాసమ్మ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు, చూద్దామంది. ట్యూషన్‌కు మాత్రం పంపిస్తానంది.

మర్నాడు పిల్లలు కూర్చోగానే శివలీల మాట్లాడింది. "ఆ పొద్దు నిమ్మకాయల లెక్క నేను తప్పు చెప్పినా. నిస్సీ అడిగిందే కరెక్టు. తప్పని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ దాన్ని నిలబెట్టి తిట్టినా." అరుణ్ కుమార్ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, సాయంత్రానికి ఈ మాట ఎరువుల అంగడికి చేరుతుందని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది. అవతల మగ్గం ఆగి ఉంది. నేను గోడ పక్కన నిలబడ్డాను.

బోర్డు మీద కొత్త లెక్క రాసింది. తొంభై ఆరు కొబ్బరికాయలను సంచికి నాలుగు చొప్పున నింపితే ఎన్ని సంచులు కావాలి?

"నిస్సీ, వచ్చి చెయ్యి తల్లీ" అని సుద్దముక్క చేతికిచ్చింది.

నిస్సీ బోర్డు ముందు నిలబడింది. లెక్కను పెదాలు కదుపుతూ చదివింది. చదివాక చెయ్యి లేపలేదు. వెనక్కి తిరిగి, భయం భయంగా, కోపం ఏమాత్రం లేకుండా అడిగింది.

"టీచర్, మీరు చెప్పినట్ల చేయల్లనా, నాకు తోచినట్ల చేయల్లనా?"

శివలీల కళ్లు దించుకుంది. "నీకు తోచినట్ల" అంది, నాకు కూడా సరిగా వినబడనంత మెల్లగా.

నిస్సీ భాగహారం గీత గీసింది. రెండు వేసింది, వెనక్కి తిరిగి టీచర్ ముఖం చూసింది. ఎనిమిది వేసి, మళ్లీ చూసింది. ఒకటి పక్కన ఆరు దింపి, మళ్లీ చూసింది. చేసేది సరైన లెక్కే అయినా, ప్రతి అంకెకూ ఆ పిల్ల వెనక్కి తిరిగి ఆమె ముఖం చూస్తూనే ఉంది.