గోంగూర కాదు, పుంటికూర

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు అద్దం తుడిచే నీళ్లలో ఏం కలుపుతారో తెలియదు గానీ, శనివారం పొద్దున తలుపు తెరుచుకోగానే సర్రున ముక్కులోకి ఎక్కే ఆ అమ్మోనియా వాసనకు పక్కవాళ్లంతా కొంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుంటే, నేను మాత్రం సిగ్గు లేకుండా ఇంకాస్త గట్టిగా పీలుస్తాను. నాకది మా చిన్నప్పటి ఇంటి వాసన. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మా అమ్మ నవల వాసన.

నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్లో ప్రింట్లు తీసేవాడు. యంత్రాల బొమ్మలకు అమ్మోనియా పట్టించి ఊదారంగు గీతల్లో నకళ్లు తీసే పని అది. చెడిపోయిన నకళ్లను అడిగి తీసుకుని, చుట్టలు చుట్టి చంకలో పెట్టుకుని కంపెనీ బస్సు దిగేవాడు. మా నోటుపుస్తకాలకు అట్టలు అవే, అలమరలో పరిచేవి అవే, పప్పుల డబ్బాల కింద వేసేవీ అవే. అమ్మ నవల రాసింది కూడా వాటి వెనకాలే. కాగితానికి ముందువైపు ఏదో పంపు లోపలి భాగాలుంటే, వెనకవైపు కథానాయిక పెళ్లిచూపులు జరుగుతుండేవి.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. ఇంద్రేశంలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటి వెనక జొన్న చేలు, ఇంటి ముందు దూరంగా పొగగొట్టాలు. పొద్దున కోడి కూతా ఫ్యాక్టరీ సైరనూ ఒకదానితో ఒకటి పోటీ పడేవి. తొక్కుడుబిళ్ల ఆటకు అందరు పిల్లలూ పెంకు ముక్కలు వెతుక్కుంటే, మా వాడకట్టు పిల్లలకు రేకులోంచి గుద్ది తీసిన గుండ్రటి ఇనుప బిళ్లలుండేవి, అవి ఎంత దూరం జారేవో చెప్పలేను. బడికి వెళ్లే దారిలో ఒక కాలువ ఉండేది. అందులో నీళ్లు ఇవాళ ఏ రంగులో వస్తాయని పందెం కాసేవాళ్లం. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల సంచి మోయాలి. ఆ నీళ్లు అలా ఎందుకున్నాయో అడగాలని మాకు తోచేది కాదు, ఎరుపు వచ్చిందా పసుపు వచ్చిందా అన్నదే మా బెంగ. చలికాలం వస్తే లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, చేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఊచబియ్యం వేడివేడిగా దోసిళ్లలో పోసేవారు. పీర్ల పండుగకు పక్కింటి జరీనా ఖాలా రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపి చేసిన మలీద ముద్దలు గిన్నె నిండా పంపేది. గిన్నె ఇంటికి చేరేసరికి నిండుగా ఉండేది కాదని, మోసుకొచ్చేది నేనే కాబట్టి, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను పుట్టకముందు అమ్మ ఒక నవల రాసింది, ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రెండోది రాసి పంపితే తిరిగొచ్చింది. కథ బాగుంది కానీ భాష మరీ పల్లెటూరిది, అందరు పాఠకులకూ అర్థం కాదు అని ఒక చిన్న చీటీ జత చేశారట. అమ్మ ఆ చీటీతో సహా కాగితాలన్నీ రేకు పెట్టెలో వేసి తాళం వేసింది. ఆ తరువాత ఎనిమిదేళ్లు చాకలి పద్దు తప్ప మరేం రాయలేదు.

అంతలో ఊళ్లో నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. సంగారెడ్డి దిక్కు కొండాపూర్ దగ్గరి పల్లె మాది. అక్కడ నాయనమ్మ గొంతంటే మామూలు గొంతు కాదు. రోడ్డు ఎక్కకముందే చేను గట్టు మీదినుంచి ఆమె వేసే కేకకు బస్సు ఆగేది. అలాంటి మనిషి నోరు ఒక పక్కకు తిరిగి, కుడి చెయ్యి, కాలు పడిపోయి, మాట లేకుండా మా ఇంటికి వచ్చింది. కిటికీ పక్కన నవారు మంచం వేశారు. సంగారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ నాయినతో ఒకటే చెప్పింది: ఊరికే పడుకోబెట్టకండి, మాట్లాడించండి, ఆమెకై ఆమెకు జవాబు చెప్పాలనిపించాలి, లేకపోతే ఇక మాట రాకుండానే పోతుంది.

మేం మాట్లాడించాం. నాయిన షిఫ్టు మీద షిఫ్టు చేసి వచ్చి మంచం పక్కన కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. నేను ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. నాయనమ్మ గోడవైపు చూసేది. రెండు నెలలు ఒక్క అక్షరం రాలేదు. నాయిన వాకిట్లోకి పోయి మొహం కడుక్కునేవాడు, మొహం శుభ్రంగానే ఉన్నా.

చెప్పడానికి ఊసులన్నీ అయిపోయి అమ్మ నవల మొదలుపెట్టింది. పొద్దంతా పని మధ్య మంచం పట్టె మీద కాగితం పెట్టుకుని రాసేది, సాయంత్రం నాలుగింటికి నేను బడినుంచి రాగానే చాయ్ గ్లాసులు చేతిలో పెట్టి చదివేది. జరీనా ఖాలాకు తెలుగు చదవడం రాదు, అయినా పని మానుకుని వచ్చి గడపలో కూర్చునేది. ఆ చీటీ దెబ్బ అమ్మకు బాగా తగిలినట్టుంది, ఈసారి ఆమె మనుషులంతా రేడియో నాటకంలో లాగా మాట్లాడేవారు. కథ జరిగేది కొండాపూర్ పక్క పల్లెలో, కథానాయిక మాత్రం మొగుడికి కాఫీ ఇస్తూ పదిసార్లు "ఏమండీ" అనేది. ఖాలా ఆగలేకపోయింది.

"అరె, గన్నిసార్లు పిలుస్తదేందమ్మా? ఆమె మొగనికి చెవుడా?"

నాకు చాయ్ పొలమారింది. అమ్మ మొహం చిన్నబుచ్చుకుని చదవడం కొనసాగించింది. కథలో అత్తగారు కథానాయికను పిలిచి, "అమ్మాయీ, కొంచెం గోంగూర వడ్డించు" అంది. మంచం మీదినుంచి ఏదో చప్పుడయింది. నాయనమ్మ ఎడమ చెయ్యి పట్టెను కొడుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవి వణుకుతోంది.

"పు... పుం..."

అమ్మ కాగితాలు జారవిడిచింది. అందరం లేచి నిలబడ్డాం.

"పుంటి... కూర."

రెండు నెలల తరువాత మా నాయనమ్మ అన్న మొదటి మాట అది, గోంగూరకు మా దిక్కు పేరు. అమ్మ ఆమె కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది, ఖాలా పైకి చేతులెత్తి దువా చేసింది, నేను మాత్రం పుంటికూర ఎవరు తెచ్చారా అని వంటింట్లోకి చూశాను. ఆ సాయంత్రం నాయినకు చెబితే నమ్మలేదు. సైకిలు వేసుకుని పోయి నాలుగు కట్టల పుంటికూర తెచ్చి మంచం మీద పెట్టి, "ఇదేందమ్మా?" అని అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. వారం రోజులు అదే కూర తిన్నాం.

అక్కడినుంచి అమ్మకు ఒక ఉపాయం దొరికింది. రోజుకో తప్పు రాసేది. ఒకరోజు కథలో రాగులు విసిరారు; నాయనమ్మ "తైదలు" అంది. ఒకరోజు చీపురుతో వాకిలి ఊడ్చారు; "పొరక" అంది. మొక్కజొన్న మక్కలైంది, వెల్లుల్లి ఎల్లిగడ్డ అయింది. ఆమె అన్న ప్రతి మాటనూ అమ్మ పాత మాట కొట్టేసి పైన రాసుకునేది, రాస్తున్నప్పుడు అమ్మ మొహంలో వెలుగు వచ్చేది. ఒకసారి కథానాయిక చేత కార్తీకంలో పెసర్లు చల్లించింది. నాయనమ్మకు అంత కోపం అంతకు ముందెన్నడూ రాలేదు.

"కార్తీకంల... పెసర్లా? ఏ... పిచ్చోళ్లు వేస్తరే? మిర్గం... వానకు వేస్తరు!"

మూడు వాక్యాలు! మిర్గమంటే తొలకరి మృగశిర కార్తె అని నాకు చెప్పి, నాయిన వాడకట్టంతా మిఠాయి పంచాడు.

ఇంత సంతోషంలో నేను ఊరుకున్నానా? వానాకాలం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ రాసిన ఏడు పేజీలను పడవలు చేసి రంగుల కాలువలో వదిలాను. ఆ కాగితాలు మందంగా ఉండి చాలాసేపు మునగకుండా తేలేవి. అమ్మ నా వీపు మీద రెండు ఇచ్చింది. ఆ కడుపుమంటతో పోయి నాయనమ్మ చెవిలో అమ్మ గుట్టు కాస్తా విప్పేశాను: అమ్మ కావాలనే తప్పులు రాస్తోంది, నిన్ను ఆడిస్తోంది, తైదలని రాసి కొట్టేసి రాగులని రాయడం నేను కళ్లారా చూశాను అని.

చెప్పేశాక భయం వేసింది. ఇప్పుడు కోపమొచ్చి మళ్లీ గోడవైపు తిరిగితే? మళ్లీ మాట పోతే? నాయనమ్మ వంకర నోటితో కిలకిలా నవ్వింది.

"నాకెరుక లేదా బిడ్డా? మీ అమ్మ... మన దిక్కు పిల్ల. తైదలు తిని పెరిగింది. దానికెరుక లేవా?"

"మరి నువ్వెందుకు దిద్దుతున్నవ్?"

ఒక్కో మాటకూ ఆమె నోరు ఎంత కష్టంగా తిరిగేదో దగ్గరనుంచి చూసింది నేనే.

"నేను దిద్దకుంటే... రేపు ఏం రాస్తది? మళ్ల... పెట్టెల పెట్టి... తాళమేస్తది. దానికి చెప్పకు."

చెప్పలేదు. నవల పూర్తయింది. అమ్మ తెల్లకాగితాల మీద శుద్ధప్రతి రాసి, నాయనమ్మ మాటలన్నీ అలాగే ఉంచి, ఒక్క మాట మార్చాలనుకున్నా తిరిగి పంపేయండి అని ఉత్తరం జతచేసి వేరే పత్రికకు పంపింది. అచ్చయింది. ప్రతి వారం నాయనమ్మ మంచం మీద కూర్చుని, అవును కూర్చునే, వినేది. ఆ తరువాత ఆరేళ్లు బతికింది, ఆ ఆరేళ్లూ మమ్మల్ని తిడుతూనే ఉంది, చేతికర్ర పట్టుకుని ఖాలా ఇంటిదాకా నడిచి వెళ్లి అక్కడ కూడా తిట్టి వచ్చేది.

మొన్న ఇంద్రేశం మీదుగా వెళ్లాను. మా ఇల్లు ఏ వరసలో ఉండేదో గుర్తుపట్టలేకపోయాను, జొన్న చేలల్లో ప్లాట్లకు హద్దురాళ్లు, మూడంతస్తుల ఇళ్లు. ఊచబియ్యం అని అడిగితే కొట్టు అబ్బాయి ఏ కంపెనీదని అడిగాడు. ఫ్యాక్టరీల్లో బొమ్మలన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నారట, చెడిపోయిన నకళ్లు తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. కూరగాయల బండి దగ్గర నా నోటివెంటే గోంగూర అని వచ్చింది, అమ్మేవాడూ గోంగూరే అన్నాడు, నన్ను ఎవరూ తిట్టలేదు.

అమ్మానాయినలు మా వీధిలోనే ఉంటారు. అమ్మ ఆ తరువాత నాలుగు నవలలు రాసింది. ఎవరు కలిసినా, ఏ సభకు పిలిచినా, అత్తమ్మను తప్పులు రాసి మాట్లాడించిన సంగతి గర్వంగా చెబుతుంది. నేను పక్కన కూర్చుని తల ఊపుతాను. అయితే పోయిన నెలనుంచి ఆమె రాయడం లేదు. నాయినకు గుండె ఆపరేషన్ అయింది, దవాఖాన చుట్టూ తిరగడంతోనే సరిపోతోంది. సగం రాసిన కాగితాలు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఏమైందని అడిగితే, "ఇగ ఎవలి కోసం రాయాలె బిడ్డా? వినెటోళ్లు పోయిరి" అంది.

అందుకే ముప్పై ఏళ్లు దాచిన మాట ఇక్కడ బయటపెడుతున్నాను, నాయనమ్మ ఏమనుకున్నా సరే. అమ్మా, నీ తప్పులన్నీ దొంగతప్పులని ఆమెకు మొదటినుంచీ తెలుసు. అంత కష్టపడి ఆమె నోరు తిప్పింది, నువ్వు మర్నాడు కూడా రాయాలని.